కథ చెప్పగలుగుతున్నాను, ఒళ్ళు మాత్రం వినడం లేదు

ప్రశ్న: పద్నాలుగు నెలల కింద మా వారి బండి మీద వెనక కూర్చుని ఏలూరు నుంచి హనుమాన్ జంక్షన్ వైపు వెళ్తుంటే వెనక నుంచి లారీ గుద్దింది. నాకు కాలర్ బోన్ విరిగి, అతుక్కుంది. మా వారు చిన్న దెబ్బలతో బయటపడ్డారు. ఇప్పటికీ లారీ హారన్ వినబడితే గుండె దడ, అరచేతుల్లో చెమట, కాళ్ళు చచ్చుబడినట్టు అవుతుంది. హైవే ఎక్కడం మానేశాను. స్కూలుకు ఊళ్ళ మీదుగా వెళ్తున్నాను, ముప్పావుగంట ఎక్కువ పడుతోంది. పది వారాలు కౌన్సెలింగ్‌కు వెళ్ళాను. మేడమ్ ఓపిగ్గా వింటారు, ధైర్యం చెబుతారు. జరిగిందంతా ఇప్పుడు పేపర్లో వార్త చదివినట్టు చెప్పేయగలను, కానీ ఒంట్లో మార్పు లేదు. హైదరాబాద్‌లో ఉన్న స్నేహితురాలు ‘ఇది మాటలతో పోయేది కాదు, సొమాటిక్ థెరపీ తీసుకో, ఆన్‌లైన్‌లో చేస్తారు’ అంటోంది. మనసు కుదుటపడుతుందని ప్రాణాయామం మొదలుపెడితే భయం ఇంకా పెరిగింది. కౌన్సెలింగ్ మానేసి అటు మారాలా? అందులో ఒళ్ళు ముట్టుకుంటారా?
— ఒక టీచరు, ఏలూరు

జవాబు: మీ ఉత్తరంలో అసలు సంగతి ‘వార్త చదివినట్టు’ అన్న మాటలో ఉంది. పది వారాల కౌన్సెలింగ్ ఎందుకు పనిచేయలేదో అదే చెబుతోంది.

లారీ హారన్, డీజిల్ పొగ వాసన, వెనక నుంచి దగ్గరపడే ఇంజిన్ మోత: వీటిని మీ మెదడు ఆ రోజు ప్రాణాపాయానికి గుర్తులుగా నేర్చుకుంది. ఆ నేర్పు మాటల్లో జరగలేదు కాబట్టి ‘ఇప్పుడేం కాదులే’ అన్న మాటతో చెరిగిపోదు. అది మారాలంటే రెండూ ఒకేసారి జరగాలి. భయం కొంతైనా రగలాలి, రగిలిన ఆ సమయంలోనే ‘అనుకున్న ప్రమాదం రాలేదు’ అన్న కొత్త అనుభవం ఒంటికి అందాలి. వార్తలా చెప్పేటప్పుడు భయం రగలదు. ఎక్కడ దడ మొదలవుతుందో అక్కడ గొంతు మామూలుగా పెట్టి, వివరాలు దాటవేసి, ‘తర్వాత ఆస్పత్రికి తీసుకెళ్ళారు’ అని ముగించేస్తాం. తెలియకుండా చేసేదే అయినా అది తప్పించుకోవడమే. హైవే వదిలి ఊళ్ళ మీదుగా వెళ్ళడం లాంటిదే, కాకపోతే ఇది మాటల్లో.

కాబట్టి మాటలు వద్దు, ఒళ్ళే దారి అని అప్పుడే తేల్చుకోకండి. మీరు ఇప్పటిదాకా తీసుకున్నది ఆసరా ఇచ్చే కౌన్సెలింగ్. దానికి విలువ లేదని కాదు. 2003లో న్యూయార్క్ రాష్ట్రం ఆల్బనీలో ఎడ్వర్డ్ బ్లాంచార్డ్ బృందం సరిగ్గా మీలాంటి రోడ్డు ప్రమాద బాధితుల మీదే పరిశీలన ప్రచురించింది. ఏ చికిత్సా లేకుండా ఎదురుచూసిన వారికంటే ఆసరా కౌన్సెలింగ్ తీసుకున్నవారు మెరుగయ్యారు. ప్రమాదం జ్ఞాపకంతోనూ భయంతోనూ నేరుగా పనిచేసే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ, అంటే సీబీటీ, తీసుకున్నవారు వాళ్ళకంటే బాగా మెరుగయ్యారు. రెండింటిలోనూ కుర్చీలో కూర్చుని మాట్లాడటమే కనిపిస్తుంది, కానీ లోపల జరిగే పని వేరు.

ఆ రెండో రకం ఎలా ఉంటుందో తెలిస్తే మీరు అడిగి తీసుకోగలుగుతారు. ప్రమాదాన్ని వర్తమాన కాలంలో చెప్పిస్తారు: ‘బండి మీద ఉన్నాను, ఎండ కొడుతోంది, వెనక హారన్ వినబడుతోంది, ఆయన చొక్కా గట్టిగా పట్టుకున్నాను.’ మధ్యమధ్య భయం ఎంత ఉందో సున్నా నుంచి పదిలో అంకె అడుగుతారు. అంకె ఎక్కడ ఎగబాకుతుందో అక్కడ ఆగి, ఆ క్షణంలో మీ మనసులో మెదిలిన మాట పట్టుకుంటారు. ‘అయిపోయింది, పిల్లలు దిక్కులేని వాళ్ళయ్యారు’ లాంటిది ఏదో ఒకటి ఉంటుంది. ఆ రోజు ఆ మాట నిజంలా అనిపించింది, ఇప్పుడు అది నిజం కాదని మీకు తెలుసు. కానీ ఆ తెలిసిన సంగతి ఆ జ్ఞాపకంలోకి చేరలేదు. కథను మళ్ళీ చెబుతూ సరిగ్గా ఆ చోటే ‘నేను బతికాను, ఎముక అతుక్కుంది, ఇవాళ పొద్దున పిల్లలకు క్యారేజీ కట్టాను’ అన్న ఇప్పటి నిజాన్ని కలిపిస్తారు. ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్ అనే పద్ధతిలోనైతే చెప్పినదాన్ని ఫోన్‌లో రికార్డు చేసి ఇంటి దగ్గర రోజూ వినమంటారు. అందులో సెషన్ 90 నిమిషాలు, మొత్తం 8 నుంచి 15 సెషన్లు.

దీనితోపాటు బయట చేసే పని ఉంటుంది. మీ విషయంలో అదే సగం చికిత్స. తప్పించుకుంటున్న పరిస్థితులను భయం అంకెలతో మెట్లుగా రాయిస్తారు. ఇంట్లో ఫోన్‌లో లారీ హారన్ వినడం 3 కావచ్చు. పగటిపూట సర్వీసు రోడ్డు పక్కన టీ కొట్టు దగ్గర నిలబడి లారీలు చూడటం 5, బస్సులో కిటికీ పక్క కూర్చుని హైవే మీద వెళ్ళడం 6, హెల్మెట్ పెట్టుకుని బండి వెనక రెండు కిలోమీటర్లు 8, ప్రమాదం జరిగిన చోటికి వెళ్ళడం 9. ఒక్కో మెట్టు దగ్గర 30 నుంచి 45 నిమిషాలు, లేదా అంకె సగానికి దిగేదాకా ఉండాలి. అదే మెట్టు వారంలో నాలుగైదు సార్లు చేయాలి. ఐదు నిమిషాలకే వెనక్కి వచ్చేస్తే ‘పారిపోయాను కాబట్టే బతికాను’ అని ఒళ్ళు నేర్చుకుంటుంది. ధైర్యం చేసి వెళ్ళినా భయం పెరిగిందని చాలామంది అనడానికి కారణం ఇదే. నిజంగా ప్రమాదకరమైనవి మాత్రం ఈ జాబితాలో ఉండకూడదు. రాత్రిపూట హైవే అంచున నడవడం చికిత్స కాదు.

ఇక సొమాటిక్ థెరపీ, అంటే ఒంట్లో కలిగే అనుభూతులను పట్టుకుని చేసే చికిత్స. ఈ పేరు కింద చాలా పద్ధతులు ఉన్నాయి. ఎక్కువగా వినబడేది సొమాటిక్ ఎక్స్‌పీరియన్సింగ్, అమెరికాకు చెందిన పీటర్ లెవీన్ 1970లలో మొదలుపెట్టి రూపుదిద్దినది. ప్యాట్ ఆగ్డెన్ రూపొందించిన సెన్సరీమోటర్ సైకోథెరపీ మరొకటి. సెషన్ ఇలా నడుస్తుంది. ముందు గదిలోకి నిదానంగా చూడమంటారు: తలుపు, కిటికీ, వెలుతురు. తర్వాత ఒంట్లో ఇప్పుడు ఏ చోటు హాయిగా, కనీసం మామూలుగా ఉందో అడుగుతారు. అరికాళ్ళు నేలకు ఆనడమో, వీపు కుర్చీకి ఆనడమో చాలు. అక్కడి నుంచి ప్రమాదం అంచుకు వెళ్తారు. నేరుగా గుద్దిన క్షణానికి కాదు, ఆ ఉదయం బయల్దేరడం దగ్గరికో, ఎవరో నీళ్ళు ఇచ్చిన ఘట్టం దగ్గరికో. అక్కడ ఒంట్లో ఏం జరుగుతోందో గమనించమంటారు. మెడ బిగుసుకుంటోందా, చేతులు ఏదైనా నెట్టాలనుకుంటున్నాయా, తల వెనక్కి తిరగాలనుకుంటోందా? ఆ రోజు పూర్తికాని కదలికను ఇప్పుడు నెమ్మదిగా పూర్తి చేయనిస్తారు. మళ్ళీ హాయిగా ఉన్న చోటికి తీసుకొస్తారు. ఇలా చెంచా చెంచాగా రగిలించి, చల్లార్చడమే ఆ పద్ధతి. గంట సెషన్‌లో ప్రమాదం గురించిన మాట పది నిమిషాలు మించకపోవచ్చు.

చూశారా, ఇక్కడా భయాన్ని రగిలిస్తున్నారు. అక్కడ గరిటెతో, ఇక్కడ చెంచాతో. మా దృష్టిలో ఈ రెండింటి మధ్య ముఖ్యమైన తేడా ఈ మోతాదే. ట్రామా అంటే ఇలాంటి ఘటన మనసుకు చేసిన గాయం. ‘ట్రామా కండరాల్లో నిల్వ ఉంటుంది, దాన్ని బయటికి పంపాలి’ అని ప్రచారంలో వినబడే మాటను అక్షరాలా తీసుకోకండి. జ్ఞాపకం ఉండేది మెదడులోనే, ఒళ్ళు దానికి బదులిస్తుంది. ఈ అపోహ వల్ల నష్టం కూడా ఉంది. వణుకు, ఏడుపు వస్తేనే పని జరిగినట్టని నమ్మే థెరపిస్టు మిమ్మల్ని తొందరపెట్టి ముంచెత్తే ప్రమాదం ఉంది. అలాంటి సెషన్ తర్వాత రెండు మూడు రోజులు నిద్ర లేకపోవడం, లోకం దూరంగా ఉన్నట్టనిపించడం జరగవచ్చు. మంచి సెషన్ చాలాసార్లు బయటికి చప్పగా కనిపిస్తుంది.

ఆధారాల సంగతికొస్తే, రెండు వైపులా బరువు సమానంగా లేదు. ఘోరమైన ఘటన తర్వాత భయం, జ్ఞాపకాలు వదలకుండా వేధించే జబ్బును పీటీఎస్‌డీ అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో అది ఉన్న పెద్దవాళ్ళకు ట్రామా మీద దృష్టి పెట్టిన సీబీటీని, కళ్ళ కదలికలతో చేసే ఈఎండీఆర్‌ను సిఫారసు చేసింది. బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2018 మార్గదర్శకాల్లోనూ ఈ రెండూ ఉన్నాయి, ఒక్కోటి మామూలుగా 8 నుంచి 12 సెషన్లు. సొమాటిక్ ఎక్స్‌పీరియన్సింగ్ మీద 2017లో ఇజ్రాయెల్ నుంచి ఒక పరిశీలన వచ్చింది: 63 మంది, వారానికొకటి చొప్పున 15 సెషన్లు. ఫలితం బాగానే ఉంది. కాకపోతే వాళ్ళను పోల్చింది చికిత్స కోసం ఎదురుచూస్తున్న వారితో, సీబీటీ తీసుకున్న వారితో కాదు. ట్రామాకు తగినట్టు మార్చిన యోగా మీద బెసెల్ వాన్ డెర్ కోల్క్ బృందం 2014లో ప్రచురించిన పరిశీలనలో, వేరే చికిత్సలకు లొంగని 64 మంది స్త్రీలు పాల్గొన్నారు. యోగా చేసిన వారిలో సగానికి కొంచెం పైనే పీటీఎస్‌డీ పరిధి దాటి బయటికొచ్చారు, పోల్చిన బృందంలో ఐదోవంతు. ఒంటి దారి పనికిరాదని చెప్పలేం, ముందు వెళ్ళాల్సిన దారి అని కూడా ఇంకా చెప్పలేం.

ఈఎండీఆర్ గురించి రెండు మాటలు. ఫ్రాన్సిన్ షపీరో 1980ల చివర్లో తెచ్చిన పద్ధతి ఇది. జ్ఞాపకంలోని ఒక దృశ్యం పట్టుకుని, కదిలే వేలినో వెలుగునో కళ్ళతో అనుసరించమంటారు, ఒంట్లో ఎక్కడ ఏమనిపిస్తోందో మధ్యలో అడుగుతారు. జరిగింది వివరంగా చెప్పక్కర్లేదు. మాటకూ ఒంటికీ నడిమధ్యన ఉండే ఈ పద్ధతి, మీలా ఒకే ఒక ప్రమాదం ఉన్నవారికి బాగా సరిపోతుంది.

కాబట్టి మీకు మా సలహా: ముందు ట్రామా సీబీటీ గానీ ఈఎండీఆర్ గానీ, ఒంటి పద్ధతులను దానికి తోడుగా. ఈ వరస అందరికీ కాదు. ప్రమాదం గుర్తుకు రాగానే మొద్దుబారిపోవడం, కాసేపు ఏం జరిగిందో గుర్తులేకపోవడం, గొంతు పూడుకుపోయి మాట రాకపోవడం ఉన్నవారికి ముందు ఒంటితో మొదలుపెట్టి స్థిమితం తేవడం మేలు. చిన్నప్పటి నుంచి ఏళ్ళ తరబడి హింస అనుభవించినవారి విషయంలోనూ తొందర పనికిరాదు. మీకు ఇవేవీ లేవు, జ్ఞాపకం వరసగా ఉంది, మాట వస్తోంది. 12 సెషన్లు సరిగ్గా చేశాక కూడా కదలిక లేకపోతే అప్పుడు సొమాటిక్ వైపు మారడం సబబే.

ప్రాణాయామంతో భయం పెరగడం మీ లోపం కాదు. కపాలభాతి, భస్త్రికల్లో ఊపిరి వేగంగా వదలడం వల్ల రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది, మెదడు రక్తనాళాలు కుంచించుకుంటాయి. తల తేలిపోతుంది, పెదాల చుట్టూ, వేళ్ళ చివర తిమ్మిరి వస్తుంది, గుండె వేగం పెరుగుతుంది. ప్రమాదం రోజున ఉన్న ఒంటి స్థితికి ఇది దగ్గర. మెదడు ‘మళ్ళీ అదే’ అనుకుంటుంది. నెమ్మదైన ఊపిరి కూడా కళ్ళు మూసుకుని చేస్తే ధ్యాసంతా గుండె చప్పుడు మీదికి పోతుంది, కొందరికి అదే భయం. వేగంగా చేసేవి, ఊపిరి బిగబట్టేవి ప్రస్తుతానికి ఆపండి. వాటి బదులు కళ్ళు తెరిచే ఉంచి, పాదాలు నేలకు ఆనించి కూర్చోండి. గదిలో ఐదు వస్తువులను తల తిప్పుతూ నిదానంగా చూడండి. మడమలను నేలకు పది సెకన్లు నొక్కి వదలండి, ఇలా మూడుసార్లు. తర్వాత ముక్కుతో నాలుగు సెకన్లు తీసుకుని ఆరు సెకన్లు వదలండి. ఇది నిమిషానికి ఆరు ఊపిరులవుతుంది, ఐదు నిమిషాలు చాలు. ఊపిరి మీద ధ్యాస పెడితే దడ వస్తుంటే ఆ భాగం వదిలేసి పాదాల దగ్గరే ఉండండి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, మామూలుగా ఉన్నప్పుడే చేయండి. భయం రాగానే వాడే తాయెత్తులా మారిస్తే, అది లేకుండా బయటికి వెళ్ళలేని స్థితి వస్తుంది.

తాయెత్తులు ఇంకా ఉంటాయి, మీలోనూ చూసుకోండి: బండి మీద పదేపదే వెనక్కి తిరిగి చూడటం, మీ వారి భుజం బిగించి పట్టుకోవడం, చెవుల్లో పాటలు పెట్టుకోవడం, ‘మెల్లగా, మెల్లగా’ అని ప్రతి నిమిషం అనడం. ఇవి ఉన్నంత కాలం ‘వీటివల్లే క్షేమంగా చేరాను’ అని ఒళ్ళు లెక్క వేసుకుంటుంది. మెట్లు ఎక్కేటప్పుడు వీటిని ఒక్కొక్కటిగా తీసేయాలి. హెల్మెట్ మాత్రం ఎప్పటికీ ఉండాలి.

థెరపీ మార్చేముందు ఒంటికి సంబంధించిన సంగతులు తేల్చుకోండి. దడకు ఈసీజీ, థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్, రక్తహీనతకు హీమోగ్లోబిన్: మూడూ మామూలు పరీక్షలే. విరిగిన వైపు భుజం, మెడ బిగుసుకుంటుంటే అది ట్రామా అని వెంటనే అనుకోకండి. ఎముక అతుక్కున్నా కండరాలు ఆ చోటును కాపాడుకుంటూ బిగిసే ఉండవచ్చు, ఫిజియోథెరపిస్టు చూడాల్సిన పని అది. నొప్పి ప్రమాదాన్ని గుర్తుచేస్తూ ఉంటుంది, భయం కండరాన్ని బిగిస్తుంది, ఒకదాన్ని వదిలేస్తే రెండోది తగ్గదు. ఆ రోజు తలకు దెబ్బ తగిలి స్పృహ తప్పి ఉంటే, తలనొప్పులు ఉంటే న్యూరాలజిస్టును కలవండి.

ముట్టుకోవడం గురించి అడిగారు. ఆన్‌లైన్‌లో ఆ ప్రశ్నే రాదు. ఎదురుగా కూర్చుని చేసేటప్పుడు కూడా సొమాటిక్ పద్ధతుల్లో ఎక్కువ భాగం స్పర్శ లేకుండానే జరుగుతుంది. కొందరు భుజం మీదో పాదం మీదో చెయ్యి ఆనిస్తారు. ఎక్కడ, ఎందుకు, ఎంతసేపు అన్నది ముందే చెప్పి మీ ఒప్పుకోలు తీసుకోవాలి, బట్టల మీంచే ఉండాలి, మీరు ‘వద్దు’ అన్న మరుక్షణం ఆగాలి. ‘మీరు వద్దంటున్నారంటే అదే మీ ట్రామా’ అనే వ్యక్తి దగ్గర ఇంకో నిమిషం కూడా కూర్చోకండి.

ఇప్పుడున్న మేడమ్‌నే ముందు అడగండి: ట్రామా మీద నేరుగా పనిచేసే ఏ పద్ధతిలో శిక్షణ తీసుకున్నారు? ఎన్ని సెషన్లలో ఏం చేస్తారు? హైవే మీద అభ్యాసం మీరు చేయిస్తారా, ఇంటిపని ఇస్తారా? మెరుగుదలను దేనితో కొలుస్తారు? సూటిగా జవాబొస్తే మనిషిని మార్చక్కర్లేదు, పని మారితే చాలు. ‘నాకు ఆ శిక్షణ లేదు’ అంటే కూడా మంచిదే, ఎవరి దగ్గర ఉందో ఆవిడనే అడగండి. కొత్తవారైతే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో క్లినికల్ సైకాలజిస్టుగా నమోదయ్యారో లేదో, రిజిస్ట్రేషన్ నంబరుతో చూసుకోండి. సొమాటిక్ ఎక్స్‌పీరియన్సింగ్ శిక్షణ దాదాపు మూడేళ్ళపాటు విడతలవారీగా సాగుతుంది. వారాంతపు వర్క్‌షాపు సర్టిఫికెట్ దానికి సమానం కాదు. ఆ మూడేళ్ళ సర్టిఫికెట్ ఉన్నంతమాత్రాన కూడా జబ్బు నిర్ధారించి వైద్యం చేసే అర్హత వచ్చినట్టు కాదు, దాని వెనక సైకాలజీలోనో సైకియాట్రీలోనో చదువు ఉండాలి. ముందే పది ఇరవై సెషన్ల ప్యాకేజీ కట్టకండి.

భాష కూడా చూసుకోండి. ఒంటితో చేసే పనిలో భాషకు ఇంకా ఎక్కువ విలువ. ‘గుండె జారిపోయింది’, ‘కడుపులో దేవినట్టుంది’, ‘ఒళ్ళు గగుర్పొడిచింది’, ‘కాళ్ళల్లో సత్తువ పోయింది’ అనే నాలుగూ నాలుగు వేరు వేరు కబుర్లు. వీటన్నిటినీ ‘టైట్‌గా ఉంది’ అని ఇంగ్లిషులో చెప్పాల్సి వస్తే సగం సమాచారం పోతుంది. తెలుగు రాని థెరపిస్టు అయినా ఆ క్షణంలో తెలుగులోనే పైకి అని, తర్వాత వివరించండి.

కొలతకు పీసీఎల్-5 అనే 20 ప్రశ్నల పత్రం వాడతారు, ఒక్కో ప్రశ్నకు 0 నుంచి 4. మొత్తం 80లో 31 నుంచి 33 దాటితే పీటీఎస్‌డీ ఉండవచ్చని అర్థం, నిర్ధారణ మాత్రం నిపుణులు చేయాలి. మొదటి రోజు ఒకసారి, తర్వాత రెండు వారాలకోసారి నింపండి. మొదటి రెండు మూడు సెషన్లలో అంకె కాస్త పెరగవచ్చు. ఆరేడు సెషన్ల తర్వాత కూడా పది పాయింట్లైనా తగ్గకపోతే, చేస్తున్నది మార్చాలా అన్నది థెరపిస్టుతో నేరుగా మాట్లాడండి.

దడకు ఎవరైనా ఆల్ప్రాజోలం (ఆందోళనను వెంటనే అణచే మాత్ర) రాసి ఉంటే థెరపిస్టుకు చెప్పండి. సెషన్‌కో హైవే అభ్యాసానికో ముందు అది వేసుకుంటే భయం రగలదు, నేర్పూ జరగదు. రోజూ వాడుతుంటే మాత్రం మీ అంతట మీరు ఆపకండి, హఠాత్తుగా మానితే ప్రమాదం. సైకియాట్రిస్టు నెమ్మదిగా తగ్గిస్తారు. పీటీఎస్‌డీకి మందు అవసరమైతే సెర్ట్రలీన్ లాంటివి ఉన్నాయి, అవి థెరపీకి అడ్డుకావు. బతకాలని లేదన్న ఆలోచన ఎప్పుడైనా వస్తే అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, ఖర్చు లేదు, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడవచ్చు.

మొదటి సెషన్‌కు ఒక కాగితం తీసుకెళ్ళండి. ఒక వైపు మీరు తప్పించుకుంటున్న దారులు, పనులు, వాటి పక్కన భయం అంకెలు. రెండో వైపు, ప్రమాదం చెప్పేటప్పుడు మీరు ఎప్పుడూ దాటవేసే ఘట్టం ఏదో ఒక్క వాక్యం. ఆ వాక్యాన్ని ఇంట్లో ఒంటరిగా కూర్చుని విప్పనక్కర్లేదు, రాసి మడిచి తీసుకెళ్తే చాలు. థెరపిస్టు పని మొదలుపెట్టేది అక్కడి నుంచే.